అక్క ఏడ్వని ఏడాది

మా నాయన పోయిన రోజు నా డైరీలో నాలుగు వాక్యాలే ఉన్నాయి. "నాయన తెల్లవారుజామున పోయినాడు. అక్క మధ్యాహ్నం బస్సుకు వచ్చింది. బాగా ఏడ్చింది. ఎండ ఎక్కువగా ఉంది." అమ్మ పోయిన రోజు కూడా ఇంచుమించు అంతే. ఎండకు బదులు ముసురు అని ఉంది.

పశువుల ఆసుపత్రిలో కాంపౌండరుగా చేరిన కొత్తలో మొదలైన అలవాటది. ఏ ఊళ్లో ఏ మందకు టీకాలు వేశామో, ఏ బర్రె ఈనలేక అవస్థ పడిందో గుర్తు పెట్టుకోవడానికి రాసుకునేవాణ్ణి. రిటైరైన తర్వాత టీకాలు లేవు, బర్రెలు లేవు. అయినా సాయంత్రం దీపం పెట్టే వేళకు చెయ్యి పెన్ను కోసం వెతుకుతుంది. వాన, ఎండ, ఎవరు వచ్చారు, ఎవరు వెళ్లారు. ఇంతకు మించి రాయడం నాకు రాదు. అక్క ఏడ్చింది అని రాశానే గానీ, ఏమని ఏడ్చిందో ఒక్క చోట కూడా లేదు. అప్పట్లో రాయాలని తోచలేదు. ఆ మాటలు ఎక్కడికీ పోవని, అక్క గొంతులో భద్రంగా ఉంటాయని అనుకునేవాణ్ణి కాబోలు.

మా వైపు చావు ఇంటికి ఆడవాళ్లు ఊరికే నడిచి రారు. వీధి మొదట్లోనే గొంతెత్తుతారు. ఆ గొంతు విని ఇంట్లోని ఆడవాళ్లు ఎదురు వెళతారు. ఒకరి భుజం మీద ఒకరు గడ్డం ఆనించి, వీపు నిమురుకుంటూ, మాటలు కట్టి ఏడుస్తారు. దాన్ని శోకం పెట్టడం అంటాం. ఒకామె ఎత్తుకుంటుంది, పట్టుకున్న ఆమె వంత పలుకుతుంది. మగవాళ్లం బయట కుర్చీల్లో కూర్చుని వానల గురించి, కందుల ధర గురించి మాట్లాడుకుంటాం. చెవులు మాత్రం లోపలే ఉంటాయి. పోయిన మనిషి ఎట్లా బతికాడో మాకు తెలిసేది అక్కడే.

మా ఇంట్లో శోకం అంటే అక్కే. నాకంటే పెద్దది. చిన్నప్పుడు గొర్రెల వెంట తిరిగింది, బడి మొహం చూడలేదు. అర్ధవీడు అవతల కొండ కింద ఊరికి ఇచ్చారు. బస్సు దిగి మా వీధి మలుపు తిరగగానే ఎత్తుకునేది. నాయన పోయినప్పుడు అన్న మాటల్లో ఒక్కటి మాత్రం ఈనాటికీ నా చెవిలో ఉంది.

"ఏరు పొంగిననాడు నన్ను భుజాన ఎక్కించుకుంటివే నాయనా, గొర్రెపిల్లను సంకన పెట్టుకుంటివే నాయనా, మా ఇద్దరినీ దాటించి నువ్వెట్ల మునిగిపోతివి నాయనా!"

నాయన ఏట్లో పోలేదు, మంచంలో జ్వరంతో పోయాడు. అయినా ఆ మాట విన్నవాళ్లందరూ, బయట కందుల ధర మాట్లాడుతున్నవాళ్లతో సహా, తలలు దించుకున్నారు. ఆయన నిజంగా ఏట్లోనే మా అందరినీ దాటించి పోయినట్టు అనిపించింది.

శోకంలో అన్న మాటకు ఎవరూ కోపం తెచ్చుకోకూడదు. అది మా ఊళ్లో ఎవరూ తప్పని కట్టుబాటు. దాన్ని అక్క బాగా వాడుకునేది. అమ్మ పోయినప్పుడు మా చిన్నాయన, అంటే నాయన తమ్ముడు, స్నానం నీళ్లు పోయడానికి బిందె ఎత్తుకుని నిలబడ్డాడు. అంతకు ముందు వేసవిలో ఆయన తన బావిలో మా అమ్మను నీళ్లు పట్టుకోనివ్వలేదు. అక్క ఆయన్ను చూడకుండానే ఎత్తుకుంది.

"లేచి చూడమ్మా, మా చిన్నాయన వచ్చినాడమ్మా! బిందె పట్టుకుని పోతే వద్దన్న చేత్తోనే ఈ పొద్దు నీకు నీళ్లు పోసేదానికి వచ్చినాడమ్మా! తనివితీరా పోసుకోమ్మా!"

చిన్నాయన బిందె అక్కడే దించి పక్కకు పోయి మొహం కడుక్కున్నాడు. మరుసటి రోజు నుంచి ఆ బావి దగ్గర మమ్మల్ని ఎవరూ అడ్డుకోలేదు.

అట్లా ఏడుస్తూ ఏడుస్తూ అక్క మధ్యలో టక్కున ఆపేది. మామూలు గొంతుతో, "ఒరే, బర్రెకు కుడితి పెట్టినారా లేదా?" అని అడిగేది. ఎవరో ఒకరు "పెట్టినాం" అనేవారు. అంతే, మళ్లీ ఎక్కడ ఆపిందో అక్కడి నుంచే ఎత్తుకునేది. కొత్తగా వచ్చిన కోడళ్లు నోరు కొంగుతో మూసుకుని నవ్వాపుకునేవారు. అక్కకు అది తెలుసు. పట్టించుకునేది కాదు.

ఇన్ని చావుల్లోనూ అక్క పట్టుకున్నది నా భార్యనే. నా భార్య పొట్టి మనిషి. అక్క గడ్డం సరిగ్గా ఆమె భుజం మీద ఆనేది. అక్క ఎత్తుకుంటే ఆమె వంత పలికేది. ఎక్కడ అక్క ఊపిరి తీసుకుంటుందో ఆమెకు తెలుసు. ఆ ఖాళీలో "అవును వదినా, అట్లనే వదినా" అని నింపేది. చూసేవాళ్లకు ఇద్దరూ ఒకే మనిషేమో అనిపించేది.

మామూలు రోజుల్లో మాత్రం ఇద్దరికీ ఒక్క నిమిషం పడేది కాదు. అక్క మా ఇంటికి వస్తే గుమ్మం దాటకముందే మొదలు.

"ఏంది మరదలా, సంగటి వండినావా? పొద్దున గోడ కట్టే మేస్త్రీ కనపడినాడు. ఇటుకలు చాలలేదంట, రెండు ముద్దలు ఇచ్చి పంపు."

"మీ ఊరి గోడలు నా సంగటితో కడితే నిలబడతాయి వదినా. ఇప్పుడున్నవి మీరు కట్టినవి కదా, గాలికి కూలతా ఉండాయి."

"తమ్ముడా, విన్నావా దీని నోరు?"

నేను వినలేదన్నట్టు డైరీ తీసేవాణ్ణి. ఇద్దరూ కలిసి నా మీద పడేవారు. "రాసుకో రాసుకో, ఈ పొద్దు వాన పడలేదని రాసుకో" అని అక్క అంటే, "వాన పడకపోయినా రాస్తాడు వదినా, పడలేదని" అని ఆమె అందుకునేది. తర్వాత ఇద్దరూ వంటింట్లో ఒకే పళ్లెంలో తినేవారు.

మా బావ పోయినప్పుడు, అంటే అక్క మొగుడు పోయినప్పుడు, ఒక సంగతి జరిగింది. అక్క నోరు పడిపోయింది. గోడకు ఆనుకుని కూర్చుంది, కళ్లు పొడిగా ఉన్నాయి, ఎవరు పట్టుకున్నా బొమ్మలాగా ఉంది. ఇందరి చావులకు ఏడ్చిన మనిషి తన మొగుడి చావుకు ఏడ్వడం లేదని అందరికీ భయమేసింది. "ఏడిపించండమ్మా, ఏడ్వకపోతే గుండె పట్టేస్తది" అని ముసలమ్మలు చుట్టూ చేరారు. అప్పుడు నా భార్య, ఎప్పుడూ వంత తప్ప పలకని మనిషి, అక్క భుజాల చుట్టూ చేతులు వేసి తనే ఎత్తుకుంది.

"మా వదిన గాజుల సప్పుడు వింటే మందంతా లేచేదే అన్నా! ఆ సప్పుడు వినకుండ నువ్వొక్కడివే నిద్రపోతివే అన్నా!"

ఆమె గొంతు అక్క గొంతంత పెద్దది కాదు. వణికింది కూడా. అక్క ఒక్కసారి తల ఎత్తి ఆమె మొహంలోకి చూసి, "పోయినాడా? నిజంగానే పోయినాడా?" అంది. ఆ తర్వాత ఆ ఇల్లంతా కదిలిపోయింది. చాలా ఏళ్ల తర్వాత కూడా అక్క ఆ మాట చెప్పేది. "ఆ పొద్దు నా మరదలు ఎత్తుకోకపోతే నేను కూడా మీ బావ ఎనకే పోయుందును."

నా భార్య పోయే నాటికి అక్క ఒంగోలులో ఆసుపత్రిలో ఉంది. వాకిట్లో జారిపడి తుంటి ఎముక విరిగితే ఆపరేషన్ చేశారు. ఇక్కడ నా భార్య ఒక ఉదయం పాలు పొయ్యి మీద పెట్టి, కాస్త గుండెలో బరువుగా ఉందని చాప మీద ఒరిగింది. అంతే. పాలు పొంగి పొయ్యి ఆరిపోయిన వాసనకు నేను లోపలికి వెళ్లాను.

చేయాల్సినవన్నీ జరిగాయి. ఫ్రీజర్ పెట్టె వచ్చింది. ఆధార్ కార్డులోని ఫోటో పెద్దది చేసి ఫ్లెక్సీ కట్టారు. ఆ ఫోటోలో ఆమె ఎవరినో చూసి భయపడినట్టు ఉంటుంది. జీవితంలో ఆమె అట్లా ఎవరికీ భయపడలేదు. స్పీకర్లో పాటలు పెట్టారు. ఆడవాళ్లు వచ్చారు, పెట్టె అద్దం మీద చేతులు వేసి ఏడ్చారు. పాపం అందరూ మనసారా ఏడ్చారు. కానీ మాటలు లేవు. ఇప్పటి పిల్లలకు శోకం పెట్టడం రాదు, వచ్చిన ఒకరిద్దరు ముసలమ్మలకు ఆ పాటల హోరులో గొంతు లేవలేదు. బయట కూర్చున్న నాకు వినిపించింది ఒక్కటే. "మంచి మనిషి, మంచి మనిషి."

మంచి మనిషే. కానీ ఆ మాట ఎవరికైనా సరిపోతుంది. ఆమె సంగటి గురించి ఎవరూ అనలేదు. ఎండలో నడిచి వచ్చి చెప్పులు విడవకుండానే పెరట్లోని మేకలతో మాట్లాడే సంగతి ఎవరూ అనలేదు. నేను అక్కడ కూర్చుని వీధి మలుపు వైపే చూస్తూ ఉన్నాను. అక్క రాదని తెలుసు. రాలేని పరిస్థితి అని తెలుసు. అయినా మధ్యాహ్నం బస్సు వెళ్లిన చప్పుడు విన్నప్పుడు లేచి నిలబడ్డాను.

ఆ రోజు డైరీలో "ఎండ లేదు, వాన లేదు" అని ఉంది. అక్క ఏడ్చింది అన్న మాట లేదు.

అక్క ఇంటికి వచ్చాక నేను చూడటానికి వెళ్లాను. వరండాలో నులక మంచం మీద పడుకుని ఉంది, పక్కన నడవడానికి ఇచ్చిన నాలుగు కాళ్ల ఇనుప స్టాండు. నన్ను చూసి కళ్లు మూసుకుంది. కాసేపటికి చెయ్యి చాపింది. నేను పట్టుకున్నాను. నోరు తెరుస్తుందేమో అని చూశాను. తెరవలేదు.

"ఈడ ఏడ్వగూడదురా" అంది మెల్లగా. "పిల్లలు ఉండే ఇల్లు. బతికినోళ్ల ఇంట్ల శోకం పెడితే మంచిది కాదు. దాని ఇంటికి పోయే ఏడ్వాల. దాని గడప కాడ."

"కాలు బాగైనాక వద్దువులే అక్కా."

"ఏడాది దినం లోపల రావాల. ఏడాది దాటినాక ఆ ఇంట్ల శోకం పెట్టకూడదు. పోయినోళ్లకు దారి తప్పుతాది."

ఆ మాటతో నా ఏడాది అంతా ఒక పనిగా మారింది. వారం వారం అక్క దగ్గరికి వెళ్లడం, ఎంతదూరం నడవగలుగుతోందో చూడటం. మొదట మంచం నుంచి స్తంభం దాకా. తర్వాత స్తంభం నుంచి వాకిలి దాకా. నేను డైరీలో రాసుకుంటూ వచ్చాను, ఒకప్పుడు కాలు విరిగిన కోడెల గురించి రాసుకున్నట్టు. కానీ అక్క కోడెలంత తొందరగా కోలుకోలేదు. నాకు కావలసింది ఒక్కటే, నా భార్య గురించి ఒక్కసారి, ఆమెను తెలిసిన గొంతుతో, ఆ ఇంట్లో ఎవరైనా చెప్పాలి. అది అక్క తప్ప ఎవరూ చెప్పలేరు. మనిషి పోయిన బాధ ఒకటి. తన గురించి ఎవరి నోటా ఏమీ చెప్పించుకోకుండా పోయిందన్న దిగులు ఇంకొకటి. రెండోది నాకు ఎక్కువగా ఉండేది.

మా పక్కింటి ఆమె నా దిగులు కనిపెట్టింది. ప్రార్థన మందిరానికి వెళ్లే మనిషి, మిరప కోతలకు కూలికి పోతుంది. నా భార్య పోయిన రోజుల్లో మా ఇంటికి అన్నం తెచ్చింది ఆమే. ఒక సాయంత్రం గోడ మీద నుంచి అంది. "మాలో అయితే అన్నా, ఆదరణ కూటం అని పెట్టుకుంటాం. అందరూ వచ్చి, ఒక్కొక్కరు లేచి, పోయినామె ఏం చేసిందో నాలుగు మాటలు చెప్తారు. మనసు కొంచెం తేలికైతది. మీలో అట్ల లేదా?"

"ఉంది తల్లీ. చెప్పే మనిషి మంచంలో ఉంది."

సంవత్సరీకం దగ్గరపడేసరికి అక్క వాకిలి నుంచి గేటు దాకా నడుస్తోంది. అయినా మా మేనల్లుడు, అక్క కొడుకు, ఒప్పుకోలేదు. సొంత ఆటో ఉంది వాడికి, అయినా తీయనంటాడు.

"మామా, డాక్టరు గుంతల్లో తిప్పొద్దని చెప్పినాడు. అర్ధవీడు రోడ్డు నీకు తెలియంది కాదు. లోపల వేసిన ఇనుము కదిలితే మళ్లీ ఒంగోలే."

లోపల నుంచి అక్క గొంతు వచ్చింది. "ఆ డాక్టరుకు మరదలుందా అడగరా!"

"అమ్మా, మరదలుంటే మాత్రం రోడ్డు బాగైతదా?"

"రోడ్డు కాదురా, బుద్ధి బాగైతది. నువ్వు తీయకపోతే బస్సు ఎక్కుతా. బస్సు మెట్ల మీద జారి పడితే ఆ పాపం నీది."

వాడు నా వైపు చూసి తల పట్టుకున్నాడు. మర్నాడే ఆటో వెనక సీటు మీద పరుపు వేసి, దాని మీద అక్కను పడుకోబెట్టి, నడకంత నెమ్మదిగా నడుపుకుంటూ వచ్చాడు. దారిలో రెండు గొర్రెల మందలు తమను దాటి ముందుకు పోయాయని ఇప్పటికీ చెప్పుకుంటాడు.

అక్క వస్తోందని మా వీధికి తెలిసింది. పక్కింటి ఆమె, ఇంకొందరు ఆడవాళ్లు వాకిట్లో నిలబడ్డారు. నేను ఎప్పటిలాగే బయట కుర్చీలో కూర్చున్నాను. మగవాళ్ల చోటు అదే కదా. ఆటో వీధి మలుపు తిరిగింది. ఆడవాళ్లు కొంగులు సర్దుకున్నారు.

అక్క ఎత్తుకోలేదు.

ఆటో ఆగింది. మేనల్లుడు, పక్కింటి ఆమె కలిసి దింపారు. అక్క స్టాండు పట్టుకుని గడప దగ్గర నిలబడింది. ఎవరైనా ఎదురు వస్తారేమో అన్నట్టు లోపలికి చూసింది. ఎప్పుడూ ఆ గడప నుంచి ఎదురు వచ్చేది నా భార్యే. పక్కింటి ఆమెకు అర్థమైంది.

"నన్ను పట్టుకోక్కా" అని దగ్గరికి వచ్చి చేతులు చాపింది.

అక్క ఆమె భుజం మీద గడ్డం పెట్టబోయింది. ఆమె పొడగరి. అక్క తల ఎక్కడ ఆనించాలో తెలియక ఒక్క క్షణం అట్లాగే ఉండి, మెల్లగా వెనక్కి జరిగింది.

"నువ్వు మంచిదానివే తల్లీ" అంది ఆమె చెయ్యి నిమిరి. "నీ భుజం పైన ఉంది. దాని భుజం ఈడికొచ్చేది." తన గడ్డం కింద చేత్తో చూపించింది. ఏడుపు రాలేదు. ఏడుపు రాకపోవడం చూసి ఆడవాళ్లే కళ్లు తుడుచుకున్నారు.

కాసేపు చూసి ఒక్కొక్కరే వెళ్లిపోయారు. మేనల్లుడు ఆటోలో నడుం వాల్చాడు. అక్క స్టాండు టక్కు టక్కుమంటూ లోపలికి, వంటింట్లోకి వెళ్లింది. నేను వెనకే వెళ్లాను. మర్నాడు సంవత్సరీకం. దాని తర్వాత ఇక శోకం పెట్టకూడదు.

వంటింటి గుమ్మంలో అక్క ఆగిపోయింది.

"ఏందిరా ఇది?"

వంటిల్లు శుభ్రంగానే ఉంది. నా భార్య పోయాక నాకు ఏ డబ్బాలో ఏముందో తెలిసేది కాదు. ఉప్పు అనుకుని సోడా వేశాను ఒకసారి. అందుకని ఒక రోజు అన్నీ దింపి, తుడిచి, ఆసుపత్రిలో మందుల అరలు సర్దినట్టు సర్దాను. పప్పులు ఒక వరస, పొడులు ఒక వరస. ప్రతి డబ్బా మీద కాగితం అంటించి పేరు రాశాను. చూసినవాళ్లందరూ మెచ్చుకున్నారు.

"సర్దుకున్నానక్కా."

"ఈ చీటీలు నాకు చదవను రాదు. నా మరదలు డబ్బాలు నాకు కండ్లు మూసుకున్నా తెలుస్తాయి. యాడుందిరా నా మరదలు? ఈ ఇంట్ల అది యాడుంది? నేను ఎవుర్ని చూసి ఏడ్వాల?"

అక్క మూలనున్న చిన్న పీట మీద, నేను వద్దన్నా వినకుండా, స్టాండు పట్టుకుని కూర్చుంది. "దించు" అంది. "అన్నీ దించు. చింతపండు కుండ అటకెక్కించినావు, అది పొయ్యి పక్కన ఉండాల. పొయ్యి ముందర కూర్చుని పిసికేది అది. కారం డబ్బా కాదు, దాని పక్కన నల్లది. అది వాము డబ్బా. దాంట్లో వాము ఉండదు, వక్కలు ఉంటాయి. నీకు తెలీదులే."

తెలుసు. తెలిసినా వక్కలు తీసేసి వాము అని రాసి అంటించాను.

నేను గొంతుక్కూర్చుని ఒక్కొక్క డబ్బా ఎక్కడిది అక్కడ పెట్టసాగాను. అక్క చూపిస్తోంది, నేను పెడుతున్నాను. "ఇంకొంచెం లోపలికి. ఆ, అట్ల. దాని చెయ్యి పొట్టి, అంత దూరం అందదు." కాసేపటికి నేను కూడా అనడం మొదలుపెట్టాను. "పోపుల పెట్టె మూత ఎప్పుడూ తిరగేసి పెట్టేది అక్కా." "అవును, తిరగేసే పెట్టేది." "కంది పప్పు కింద పాత పేపరు పరిచేది." "పరిచేది." అట్లా ఒకరు అంటే ఒకరు అనుకుంటూ పోయాం.

చివరికి ఉప్పు జాడీ మిగిలింది. అది కిటికీలో ఉండేది, ఎండ తగిలే చోట, తేమ పట్టకుండా. నేను దాన్ని కిటికీలో పెట్టి, మళ్లీ అక్క పీట ముందు కూర్చున్నాను. అక్క కిటికీ వైపు చూసింది. ఆమె చెయ్యి నా భుజం మీద పడింది. తర్వాత గడ్డం ఆనింది. నేను నేల మీద కూర్చున్నాను, అక్క పీట మీద ఉంది. అప్పుడు ఎత్తు సరిపోయింది.

"సంగట్లో ఉప్పు ఎక్కువైందే అని ఒక్క మాటంటే, మూడు పొద్దులు మాట్లాడకపోతివే మరదలా! ఈ పొద్దు ఇంత దూరం నేనొస్తే, ఒక్క మాటన్నా అనకపోతివే మరదలా!"

ఆ గొంతు అదే. కాస్త బీట వారింది గానీ అదే.

"తింటివా అంటే తింటి వదినా అంటివే, ఎప్పుడడిగినా తింటి అంటివే, తినకనే పోతివే మరదలా! నా తమ్ముడు రాసుకునేదానికి కూర్చుంటే, కరెంటు పోయిననాడల్లా దీపం కాడ కూర్చుంటివే, పురుగులు పడకుండ కొంగుతో తోలుకుంటా కూర్చుంటివే! ఇప్పుడు ఎవురు తోలుతారు మరదలా, నా తమ్ముడి దీపం కాడ పురుగుల్ని!"

అది నిజం. అన్ని సంవత్సరాలు నేను కాగితం వైపు చూశాను. కొంగు గాలి నా చేతికి తగిలేది. అక్క ఎప్పుడు చూసిందో, ఎట్లా గుర్తు పెట్టుకుందో.

అక్క ఊపిరి తీసుకోవడానికి ఆగింది. ఆ ఖాళీలో పలకాల్సిన మనిషి లేదు. ఖాళీ అట్లాగే ఉంది. అక్క వేళ్లు నా వీపు మీద బిగిశాయి, ఎదురుచూస్తున్నట్టు. మగవాళ్లు ఆ పని చేయగా నేను ఎన్నడూ చూడలేదు. నా గొంతు నాకే వింతగా వినిపించింది.

"అవునక్కా" అన్నాను. "అట్లనే అక్కా."

అక్క మళ్లీ ఎత్తుకుంది. బావ పోయిన రోజు గురించి, ఒకే పళ్లెంలో తిన్న అన్నం గురించి, మేకలతో మాట్లాడటం గురించి. ఆగిన చోటల్లా నేను పలికాను. ఒకటి రెండు సార్లు తప్పు చోట పలికాను. అక్క నా వీపు మీద చిన్నగా తట్టి, ఆగమని చెప్పి, మళ్లీ సాగింది. ఎంతసేపో తెలియదు. ఆ రోజు నేను గడియారం చూడలేదు.

మధ్యలో టక్కున ఆపింది.

"ఒరే, ఆటోలో నా కొడుకు ఏమన్నా తిన్నాడా లేదా?"

"పక్కింటామె పెట్టింది అక్కా. తిన్నాడు."

"సరే" అని, మళ్లీ ఆపిన చోటి నుంచే అందుకుంది. నాకు ఏడుపులో నవ్వొచ్చింది. నా భార్య ఉంటే అదే చోట నవ్వు ఆపుకోవడానికి అక్క భుజంలో మొహం దాచుకునేది. నేనూ దాచుకున్నాను.

సాయంత్రం మొహం కడుక్కుని, టీ తాగి అక్క బయలుదేరింది. పక్కింటి ఆమె గోడ దగ్గర నిలబడి, "వినపడింది అన్నా" అంది. ఆటోలో పరుపు మీద ఒరుగుతూ అక్క నన్ను పిలిచింది.

"వంత బాగనే పలికినావు. కొంచెం తొందర ఎక్కువ. ఆమె మాదిరి ఆగి పలకాల."

"ఆమె మాదిరి ఎట్ల వస్తుంది అక్కా."

"రావాల. లేకుంటే రేపు నేను పోతే ఎవురు ఎత్తుకుంటారు? నా కోడళ్లు ఫోన్లు పట్టుకుని నిలబడతారు. వీడు ఆటో తుడుచుకుంటా ఉంటాడు. నాకు నువ్వే."

"మగోడు శోకం పెడితే జనం నవ్వుతారు అమ్మా" అన్నాడు మేనల్లుడు.

"నవ్వనీరా. నేను ఏడ్చేటప్పుడు నవ్వలేదా ఏంది?"

మర్నాడు సంవత్సరీకం జరిగింది. వచ్చినవాళ్లు వంటింట్లోకి వెళ్లి, డబ్బాలు ఇట్లా గందరగోళంగా ఉన్నాయేమని అడిగారు. అట్లాగే ఉంచమని చెప్పాను. ఇప్పటికీ అట్లాగే ఉన్నాయి. చీటీలు తీసేశాను. వాము డబ్బాలో వక్కలు పోసి పెట్టాను, నేను వక్కలు వేసుకోను గానీ.

ఇది జరిగి చాలా నెలలైంది. అక్క మళ్లీ మా ఊరు రాలేదు. మోకాళ్లు సహకరించడం లేదు, చూపు కూడా తగ్గింది. నేనే వెళ్లి వస్తున్నాను. వెళ్లని వారం ఫోను చేస్తాను. ఎక్కువగా వానల గురించి మాట్లాడుకుంటాం, బావుల్లో నీళ్ల గురించి. పెట్టేసే ముందు ఒక్కసారి అడుగుతుంది. నిన్న కూడా అడిగింది.

"నేర్చుకుంటివా?"

"ఇంకా లేదక్కా. ఒకటి రెండు మాటలే వస్తున్నాయి."

"ఏమని వస్తున్నాయి?"

"చెప్పకూడదు కదా. బతికినోళ్లకు."

ఫోనులో నవ్వింది. ఆ నవ్వులో దగ్గు కలిసింది. కాసేపు నేను ఆగి విన్నాను, ఎక్కడ ఊపిరి తీసుకుంటుందో.

"నిదానంగా నేర్చుకో" అంది. "నాకేం తొందర లేదు."